సర్వీసు రిజిస్టరు ఎవరి సొంతం?

సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజు 2025 నవంబరు దాకా ఒక తూకం మీద నడిచింది. ప్రభుత్వం దగ్గరున్న సమాచారం ఎవరో ఒక వ్యక్తికి చెందినదైనంత మాత్రాన దాచిపెట్టడానికి వీల్లేదు. దానికి ప్రజా కార్యకలాపంతో గానీ, ప్రజా ప్రయోజనంతో గానీ సంబంధం లేకపోవాలి, లేదా బయటపెడితే ఆ వ్యక్తి గోప్యతకు అకారణంగా భంగం కలగాలి. అప్పుడు కూడా విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని అధికారికి తోస్తే ఇవ్వవచ్చు. పార్లమెంటుకో, శాసనసభకో కాదనలేని సమాచారాన్ని మామూలు పౌరుడికీ కాదనరాదన్న నియమం కూడా దానికి జతగా ఉండేది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ 2025 నవంబరు 14న అమల్లోకి వచ్చి ఈ తూకాన్ని తీసి పక్కన పెట్టింది. ఇప్పుడు ఆ క్లాజులో మిగిలింది ఒక్క ముక్క: వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే ఇవ్వనక్కర్లేదు. ఈ మార్పు మీద చర్చ ఎక్కువగా రేషను జాబితాలు, బ్యాంకు ఎగవేతదారులు, ఉపాధి హామీ మస్టర్ల చుట్టూ తిరిగింది. అవి ముఖ్యమే. కానీ దీని బరువు అన్నింటికంటే ఎక్కువగా పడేది పోలీసు శాఖ రికార్డుల మీద, వాటి కోసం తిరిగే కుటుంబాల మీద.

ఎందుకంటే పోలీసు చేతిలో ఉన్న అధికారం మరే ప్రభుత్వోద్యోగి చేతిలోనూ లేదు. రెవెన్యూ ఉద్యోగి తప్పు చేస్తే భూమి పోతుంది, ఇంజినీరు తప్పు చేస్తే వంతెన కూలుతుంది. పోలీసు మాత్రం మనిషిని పట్టుకుని తీసుకెళ్లగలడు, నాలుగు గోడల మధ్య ఉంచగలడు, కొన్ని పరిస్థితుల్లో కాల్చగలడు. వీటిలో చాలా భాగం సాక్షులు లేనిచోట జరుగుతాయి. ఆ తర్వాత మిగిలేది కాగితమే: స్టేషన్ డైరీ, ఛార్జి మెమో, విచారణాధికారి నివేదిక, తుది శిక్ష ఉత్తర్వు. ఆ కాగితం ఎవరిదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఖాకీ వేసుకున్న మనిషికీ గోప్యత ఉంది, ఉండాలి కూడా. అతని ఇల్లు, భార్యాపిల్లలు, జబ్బులు, అప్పులు, నమ్మకాలు అతనివి. ఖాకీ ఇచ్చిన అధికారంతో అతను చేసిన పని, దానిమీద ప్రభుత్వం విచారించి తేల్చిన విషయం మాత్రం అతని సొంతం కాదు. పాత 8(1)(జె)లో ఈ గీతను గీయడానికి చోటుండేది. కొత్తదానిలో ఆ చోటు పోయింది.

ఈ గీత కొత్తగా ఎవరో కనిపెట్టినది కాదు. మూడు దశాబ్దాల కిందట సుప్రీంకోర్టే గీసింది. అదీ పోలీసు, జైలు అధికారుల పేర్లు బయటికి వస్తాయన్న భయంతో మొదలైన కేసులోనే. తమిళనాడులో ఆరు హత్యల కేసులో మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో ఆత్మకథ రాశాడు. తన నేర వ్యాపారంతో కొందరు ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు సంబంధాలున్నాయని అందులో చెప్పాడు. 'నక్కీరన్' పత్రిక దాన్ని అచ్చు వేస్తామని ప్రకటించగానే, అదంతా అబద్ధమని, అచ్చు వేస్తే చర్యలు తప్పవని 1994 జూన్‌లో జైళ్ల శాఖ ఐజీ పత్రికకు లేఖ రాశారు. పత్రిక సంపాదకుడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది అక్టోబరు 7న ధర్మాసనం తరఫున తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. గోప్యత హక్కుకు రాజ్యాంగంలో చోటుందని గట్టిగా చెప్పిన తీర్పుల్లో అదొకటి. అయితే అదే తీర్పు రెండు మినహాయింపులు పెట్టింది. కోర్టు రికార్డులతో సహా ప్రజా రికార్డుల్లోకి చేరిన విషయం మీద గోప్యత హక్కు నిలవదు. లైంగిక దాడుల బాధితుల వంటివారి పేర్లకు మాత్రం రక్షణ ఉంటుంది. ఇక ప్రభుత్వాధికారులు విధి నిర్వహణకు సంబంధించిన తమ పనుల విషయంలో గోప్యత పేరు చెప్పి దావా వేయలేరు. నిజానిజాలు పట్టించుకోకుండా రాసిన అబద్ధమని రుజువు చేస్తే తప్ప. గోప్యతకూ పారదర్శకతకూ కుస్తీ పెట్టి ఒకదాన్ని పడగొట్టవలసిన పనిలేదని ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. రెండింటినీ ఒకే చేత్తో రాయవచ్చు.

అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చామన్నది చూడాలి. మలుపు 2012 అక్టోబరులో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో వచ్చింది. ఒక భవిష్య నిధి కార్యాలయ అధికారికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షల ప్రతులు కావాలని అడిగితే, అవన్నీ ఉద్యోగికీ యజమానికీ మధ్య విషయాలని, సర్వీసు నిబంధనల పరిధిలోనివని, కాబట్టి వ్యక్తిగత సమాచారమేనని సుప్రీంకోర్టు అంది. ఆ యజమాని ఎవరన్న ప్రశ్న తీర్పులో లోతుగా చర్చకు రాలేదు. ప్రైవేటు కంపెనీలో యజమాని కంపెనీయే. ప్రభుత్వంలో యజమాని జీతమిచ్చే ప్రజలే, ఆ ఉద్యోగి పోలీసయితే అతని చేతిలో అరెస్టయ్యేదీ ప్రజలే. 2019 నవంబరు 13న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సుభాష్ చంద్ర అగర్వాల్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని చెప్పి పేరు తెచ్చుకుంది. కానీ పనితీరు నివేదికలు, క్రమశిక్షణ చర్యలు వ్యక్తిగత సమాచారమేనన్న మాటను అదే తీర్పు మళ్లీ బలపరిచింది. ఒక్క ఊరట మిగిల్చింది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వాటినీ ఇవ్వవచ్చని చెప్పింది. ఆ ఊరటకు ఆధారం పాత క్లాజులోని మాటలే. 2025లో కొట్టేసింది సరిగ్గా ఆ మాటల్నే.

పోలీసు శాఖ పౌరుడి గోప్యతను ఎలా చూస్తుందో తెలుసుకోవాలంటే ఎఫ్ఐఆర్ కాగితాన్ని ఒక్కసారి దగ్గరగా చూడాలి. ఫిర్యాదుదారు గడిలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, వృత్తి, చిరునామా ఉంటాయి. నిందితుల గడిలో తెలిసిన వివరాలన్నీ ఉంటాయి. అట్టడుగున కేసు నమోదు చేసిన అధికారి సంతకం కింద పేరు, హోదా, నంబరు ఉంటాయి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచి ఆదేశమే, పోలీసుల గుట్టు అరెస్టులకు అది కొంత కళ్లెం వేసింది. కానీ నేరం రుజువు కాని మనిషి ఇంటి చిరునామా ఊరంతా చూడగలిగే చోట ఉంటుంది. విచారణలో తప్పు రుజువై ఇంక్రిమెంట్లు కోత పడిన అధికారి శిక్ష ఉత్తర్వు మాత్రం వ్యక్తిగత సమాచారం అవుతుంది. రౌడీషీటు సంగతి ఇంకా వేరు. దాన్ని తెరవడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు చాలు. మనిషి కదలికల మీద, పరిచయాల మీద, ఇంటి మీద ఏళ్ల తరబడి నిఘా ఉంటుంది. ఇలాంటి హిస్టరీ షీట్లలో నేరంతో సంబంధంలేని మైనరు పిల్లల వివరాలు కూడా చేరుస్తున్నారని 2024 మేలో ఢిల్లీకి చెందిన అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఆందోళన పడింది. పౌరుడి మీద తెరిచిన షీటుకు ఇన్ని కళ్లు, అధికారి సర్వీసు రిజిస్టరుకు ఇన్ని తాళాలు! ఈ తేడాను గోప్యత హక్కు పేరుతో సమర్థించలేం. గోప్యత అంతే విలువైనదైతే దాన్ని ముందు కాపాడవలసింది అధికారం లేనివాడి విషయంలో.

అదే ఎఫ్ఐఆర్ కాగితంలో పరిష్కారమూ ఉంది. పోలీసు విషయంలో ప్రజలకు ఏం తెలియాలో అది మూడు మాటల్లో చెబుతుంది: పేరు, హోదా, నంబరు. అరెస్టు చేసే అధికారి పేరు, హోదా స్పష్టంగా కనబడేలా బ్యాడ్జి ధరించాలని 1996 డిసెంబరులో డి.కె.బసు తీర్పు ఆదేశించింది. తర్వాత అది శాసనమైంది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షన్‌గా ఉంది. కస్టడీ మరణాలు, చిత్రహింసల నేపథ్యంలో వచ్చిన ఆదేశమది. డ్యూటీలో ఉన్నంతసేపు పోలీసు పేరు అందరూ చదవదగిన పేరేనని న్యాయవ్యవస్థ అప్పుడే ఒప్పుకుంది. చొక్కా మీద అందరికీ కనబడే పేరు, ఆ చొక్కాతో చేసిన తప్పుకు శిక్ష వేసిన కాగితం మీదికి వచ్చేసరికి రహస్యమైపోవడంలో తర్కం లేదు.

దాపరికం ఎవరికి పనికొస్తుందో తెలుగువారికి వేరే ఎవరో చెప్పక్కర్లేదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వద్ద 'దిశ' అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. కాల్పులు జరిపినవారి మీద జనం పూలు చల్లారు. వారం తిరగకముందే సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్.సిర్పూర్కర్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2022 జనవరిలో నివేదిక అందింది. దాన్ని సీల్డ్ కవరులోనే ఉంచాలని రాష్ట్ర ప్రభుత్వం తరఫున వాదించారు. ఆ ఏడాది మే 20న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చి, నివేదికను పక్షాలకు అందించి, వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. నిందితులు ఆయుధాలు లాక్కుని తిరగబడ్డారన్న పోలీసుల కథనం నమ్మదగ్గదిగా లేదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని కమిషన్ తేల్చిన సంగతి, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫార్సు చేసిన సంగతి అప్పుడే లోకానికి తెలిసింది. నివేదికతో విభేదించిన పోలీసు అధికారులు హైకోర్టులో సవాలు చేశారు. అది వారి హక్కు, దాన్ని ఎవరూ కాదనలేదు. నివేదిక బయటికి వచ్చినందువల్ల వారు వాదించుకునే అవకాశమేమీ పోలేదు. కవరు విప్పకపోయి ఉంటే మాత్రం ఆ రోజు ఏం జరిగిందన్నదాని మీద ప్రజల ముందు మిగిలేది పోలీసుల మాట ఒక్కటే.

ఇలాంటి తాళం వేసి, నలభై ఏళ్లకు పైగా అనుభవించి, చివరికి తానే తీసేసిన చోటు ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రం 1976లో పౌరహక్కుల చట్టంలో 50-ఎ సెక్షన్ చేర్చింది. కోర్టులో పోలీసుల్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేసే డిఫెన్స్ లాయర్లు పాత ఫైళ్లు తవ్వి వేధించకుండా ఆపడం దాని ఉద్దేశం. చిన్న అవసరానికి పుట్టిన ఆ నిబంధన తీర్పు తర్వాత తీర్పుగా పెరిగి, క్రమశిక్షణ రికార్డులన్నిటినీ కప్పేసింది. 2014 జులైలో స్టాటెన్ ఐలండ్‌లో ఎరిక్ గార్నర్ అనే నల్లజాతి వ్యక్తి ఊపిరాడటం లేదని మొత్తుకుంటూ పోలీసు పట్టులో చనిపోయాక, ఆ పోలీసు గత రికార్డు చూపించమని న్యాయసహాయ సంస్థ ఏళ్ల తరబడి పోరాడింది. 50-ఎ అడ్డొచ్చింది. 2017లో ఆ రికార్డు లీకైతే తప్ప, అంతకు ముందే అతని మీద ఫిర్యాదులున్నాయని, వాటిలో రుజువైనవీ ఉన్నాయని జనానికి తెలియలేదు. ఆ ఫిర్యాదుల దగ్గరే అతణ్ణి నిలదీసి ఉంటే గార్నర్ బతికేవాడా అంటే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నిలదీయడానికి ప్రజలకు అవకాశమే లేకపోయిందన్నది మాత్రం ఖాయం. 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దేశమంతా రోడ్డెక్కింది. జూన్ 12న న్యూయార్క్ 50-ఎను రద్దు చేసింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ రద్దు చట్టమే ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు, వైద్య చరిత్ర వంటి వివరాలు తొలగించి ఇవ్వాలని చెప్పింది. మనిషినీ హోదానీ విడదీయడం సాధ్యమేనని ఆచరణలో చూపించింది.

పోలీసుల ప్రాణాలకు ముప్పు అన్నది మొదటి అభ్యంతరం. తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. మావోయిస్టుల హిట్‌లిస్టుల్లో పేర్లుండి, కుటుంబాలను ఊళ్లు మార్పించిన అధికారుల తరం ఒకటి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉంది. ముఠా కక్షల కేసులు, మాదకద్రవ్యాల కేసులు చూసేవారికీ ఆ భయం నిజమే. కానీ దానికి మందు చట్టంలో మొదటి నుంచీ ఉంది. ఎవరి ప్రాణానికైనా, భద్రతకైనా ముప్పు కలిగించే సమాచారం ఇవ్వనక్కర్లేదని 8(1)(జి) చెబుతుంది. దర్యాప్తుకు అడ్డొచ్చేది ఇవ్వనక్కర్లేదని 8(1)(హెచ్) చెబుతుంది. ఇవ్వకూడని భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతుంది. నిఘా, భద్రతా సంస్థలను రాష్ట్రాలు చట్టం పరిధి నుంచి తప్పించడానికి 24వ సెక్షన్ ఉంది. అక్కడ కూడా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మినహాయింపు వర్తించదు. ఇన్ని ఉండగా ముప్పు పేరుతో మొత్తం రికార్డుకు తాళం వేయడం అనవసరం. న్యూయార్క్‌లో పోలీసు, అగ్నిమాపక సంఘాలు ఇదే భయం చెప్పి కోర్టుకెళ్లాయి. ఇలాంటి రికార్డులు అంతో ఇంతో బయటపెడుతున్న ఇతర రాష్ట్రాల్లో పోలీసులకు ముప్పు పెరిగిందనడానికి ఆధారం లేదని ఫెడరల్ అప్పీలు కోర్టు 2021 ఫిబ్రవరిలో తేల్చింది.

రెండో అభ్యంతరానికి ఇంకా బరువుంది. పోలీసు మీద ఫిర్యాదు చేయడం నిందితుడికి ఒక ఆయుధం. కేసులో ఇరుక్కున్న రాజకీయ నాయకుడు, ఇసుక రవాణాదారు, గుట్కా వ్యాపారి అందరూ ఎస్ఐ మీద అర్జీ పెడతారు. అందులో నిజమెంతో తేలకముందే పేరు బజారున పడితే నిక్కచ్చిగా పనిచేసే అధికారే ముందు దెబ్బతింటాడు. ఈ విషయంలో న్యూయార్క్ వెళ్లినంత దూరం మనం వెళ్లనక్కర్లేదు. అక్కడ రుజువు కానివీ బయటికి వస్తున్నాయి. మన దగ్గర ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య గీత గీయాలి. తేలని ఫిర్యాదులో పేరు దాచాలి. ఏ స్టేషను మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని ఏ కారణంతో మూతపడ్డాయి అన్నది మాత్రం దాచకూడదు. విచారణ ముగిసి శిక్ష పడ్డాక, తుది ఉత్తర్వు పేరుతో సహా బయటికి రావాలి. అప్పీలులో ఆ శిక్ష రద్దయితే అదీ అంతే స్పష్టంగా రావాలి. అబద్ధపు ఫిర్యాదును ఎదుర్కొని నిర్దోషిగా తేలిన అధికారికి ఇప్పుడు మిగిలేది గుసగుసలే. ఫైలు తెరిచి ఉంటే అతని నిర్దోషిత్వమూ రికార్డవుతుంది.

దాపరికం పోలీసులందరినీ ఒకేలా కాపాడుతుందన్నదీ భ్రమే. శాఖలో శిక్షల తీరు తెలిసినవారికి, ఒకే తప్పుకు కానిస్టేబుల్ సస్పెండ్ కావడం, పైఅధికారిని వీఆర్‌కు (వేకెన్సీ రిజర్వుకు) పంపి కొన్నాళ్లకు మరో సర్కిల్‌లో పోస్టింగ్ ఇవ్వడం కొత్త కాదు. ఆ కానిస్టేబుల్ తనకూ పక్కవాడికీ మధ్య వివక్ష జరిగిందని హైకోర్టులో వాదించాలంటే పక్కవాడికి వేసిన శిక్ష ఉత్తర్వు కావాలి. సీనియారిటీ జాబితాలో తన పైకి ఎవరెలా ఎక్కారో చూడాలంటే వారి రికార్డు కావాలి. పది రూపాయల దరఖాస్తుతో అడగడానికి ఇన్నాళ్లూ ఒక దారి ఉండేది. కొత్త క్లాజు కింద అతనికి వచ్చే జవాబు కూడా 'వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం' అనే. పోలీసుల గోప్యత కోసమని చెప్పే మార్పు శాఖలో అట్టడుగున ఉన్న పోలీసు చేతినే ముందు కట్టేస్తోంది. పోలీసు సంఘాలు ఈ కోణంలో ఎందుకు ఆలోచించడం లేదో అర్థం కాదు.

ఇక కేంద్రం చెప్పే సమాధానం: 8(2) సెక్షన్ అలాగే ఉంది, హానికంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు, కాబట్టి పోయిందేమీ లేదు. పోయింది చాలా ఉంది. పాత క్లాజులో నిరాకరించే అధికారి మొదట తన కారణం చూపాలి. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదని, గోప్యతకు అకారణ భంగమని చెప్పగలగాలి. ఇప్పుడు అతను ఒక్క మాట రాసి ఊరుకోవచ్చు. ప్రజా ప్రయోజనం ఎక్కువని నిరూపించే భారం అడిగినవాడిదే. 8(2) 'ఇవ్వవచ్చు' అంటుందే గానీ 'ఇవ్వాలి' అనదు. పోలీసు శాఖలో ఆ విచక్షణ వాడేది సమాచార అధికారిగా కూర్చున్న పోలీసు అధికారి. మొదటి అప్పీలు వినేది అతని పైఅధికారి. తమ శాఖ తప్పుల మీద తామే తూకం వేయాలి. రెండో అప్పీలుకు సమాచార కమిషన్ ఉందిగా అంటారు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా సమాచార కమిషన్లో ఒక్క కమిషనరూ లేరు. రెండేళ్లకు పైగా అప్పీలు పెట్టుకున్నవాడు ఖాళీ కుర్చీల ముందు నిలబడ్డాడు. అలాంటి యంత్రాంగం మీద భారమంతా వేసి, చట్టంలోని తూకాన్ని తీసేయడం న్యాయం కాదు. గోప్యతను కాపాడటానికి ఇదొక్కటే దారి కూడా కాదు. 2018లో జస్టిస్ బి.ఎన్.శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో ఇదే క్లాజుకు సవరణ ఉంది. వ్యక్తికి జరిగే హాని ప్రజా ప్రయోజనాన్ని మించినప్పుడే నిరాకరించాలన్నది దాని సారాంశం. ప్రభుత్వం ఎదుట ఆ పాఠం ఉండగా, తూకమే లేని పాఠాన్ని ఎంచుకుంది.

పార్లమెంటు ఈ క్లాజును పాత రూపానికో, శ్రీకృష్ణ కమిటీ రూపానికో మార్చాలి. అది జరిగేదాకా హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. 8వ సెక్షన్ సమాచారం ఇవ్వవలసిన బాధ్యతను తొలగిస్తుందే గానీ, ఇవ్వడాన్ని నేరం చేయదు. అధికారుల పేర్ల డైరెక్టరీని, నెలజీతాలను సైతం స్వచ్ఛందంగా ప్రకటించాలని చెప్పే 4వ సెక్షన్ ఇప్పటికీ చట్టంలో ఉంది. జీతం చెప్పగలిగిన ప్రభుత్వం శిక్ష చెప్పలేదా? హోం శాఖ ఒక జీవో ఇస్తే చాలు. కస్టడీలో హింస, అక్రమ నిర్బంధం, తప్పుడు కేసు, లంచం, కాల్పులు అనే అయిదు రకాల ఆరోపణల్లో విచారణ ముగిసిన ప్రతి కేసు తుది ఉత్తర్వునూ పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలి. పేరు, హోదా, అభియోగం, శిక్ష, అప్పీలు ఫలితం ఉంచాలి. ఇంటి చిరునామా, కుటుంబం, ఆరోగ్యం, ఆధార్, బ్యాంకు వివరాలు కొట్టేయాలి. నిజంగా ప్రాణభయం ఉన్న అధికారి విషయంలో 8(1)(జి) కింద కారణం రాసి పేరు ఆపవచ్చు. ఆ కారణం సరైనదో కాదో తేల్చే అధికారం శాఖ బయట ఉండాలి. సమాచార కమిషన్లో కుర్చీలు ఖాళీ లేకుండా చూస్తే దానికి కొత్త సంస్థ కూడా అక్కర్లేదు.